అశ్వారూఢుడైన చక్రవర్తి: ఒక చిత్రపటము, దాని చరిత్రము

పూర్వరాజుల చరిత్రమును తెలిసికొనుటకు శాసనములు, గ్రంథములు, శిల్పచిత్రములు అని మూడు విధములగు సాధనములు కలవు. శాసనము తాను చెప్పదలచినదానిని అక్షరములలో చెప్పును. గ్రంథకర్త తన అభిప్రాయమును వాక్యములలో వెల్లడించును. చిత్రము మాటలాడదు, కావున అది అబద్ధమాడదని పలువురు నమ్ముదురు. కాని రాజు చిత్రకారునకు ధనమిచ్చి వ్రాయించుకొన్న పటము, కవికి అగ్రహారమిచ్చి వ్రాయించుకొన్న ప్రశస్తి వంటిదే. ప్రశస్తిని ఎంత శ్రద్ధతో పరిశీలింతుమో పటమును గూడ అంత శ్రద్ధతో పరిశీలింపవలెను. పటములో ఏమి ఉన్నది, ఏమి లేదు అను రెండు ప్రశ్నలను వేసికొనవలెను. ఈ రెండవ ప్రశ్నయే చాలమంది మరచునది.

ఇట్లు పరిశీలించుటకు మిక్కిలి తగిన పటమొకటి స్పెయిన్ దేశపు రాజధానియగు మాడ్రిడ్ నగరమున ప్రాడో అను చిత్రశాలలో కలదు. ఐదవ ఛార్లెస్ చక్రవర్తి కవచము ధరించి గుఱ్ఱమెక్కి పోవుచున్నట్లు వ్రాసిన పటమది. ఐరోపాఖండమున తరువాతి రాజులు వ్రాయించుకొన్న అశ్వారూఢ చిత్రములు పెక్కింటికి అదియే మార్గదర్శకమయ్యెను.

పటము

దీనిని వ్రాసినవాడు వెనీసు నగరమునకు చెందిన టిషియన్ అను ప్రఖ్యాత చిత్రకారుడు. వ్రాసిన సంవత్సరము 1548. ఇది గుడ్డమీద నూనెరంగులతో వ్రాయబడినది. ఎత్తు 335 సెంటీమీటర్లు, వెడల్పు 283 సెంటీమీటర్లు. అనగా సుమారు 11 అడుగుల ఎత్తు, 9 అడుగులకు మించిన వెడల్పు. మన పల్లెలలోని పెంకుటిండ్ల గోడలకు అది పట్టదు. చూచువాడు తల యెత్తి చూడవలసినంత పెద్దది.

పటమునకు ఎడమవైపున చీకటి క్రమ్మిన పెద్దచెట్లు. ఆ చెట్ల నీడనుండి నల్లని గుఱ్ఱమొకటి ముందరి కాళ్లెత్తి కుడివైపునకు వెడలుచున్నది. దానిపైని ఎఱ్ఱని ముఖమల్ జీను వస్త్రమునకు బంగారు కుచ్చులు వ్రేలాడుచున్నవి. గుఱ్ఱపు తలమీద ఎఱ్ఱని ఈకల కుచ్చు. దానిమీద చక్రవర్తి నిటారుగా కూర్చుండియున్నాడు. ఒడలెల్ల మెఱయు ఉక్కుకవచము. దానిపై బంగారు పట్టెలు. భుజమునుండి నడుమునకు ఎఱ్ఱని పట్టువస్త్రము. శిరస్త్రాణముమీదను ఎఱ్ఱని ఈకలే. ఒక చేత కళ్లెము, మరియొక చేత పొడవైన ఈటె. శిరస్త్రాణపు ముందుభాగము తెరచియుండుటచే ముఖము కనబడుచున్నది: నెరయుచున్న గడ్డము, ముందునకు పొడుచుకొనివచ్చిన దవడ, పాలిపోయిన చెక్కిళ్లు, దూరమున దేనినో చూచు కన్నులు. ఆయన చూపు చిత్రము చూచువానిపై లేదు. కుడివైపున ఆరుబయలు, దూరమున నది, ఎఱ్ఱబారిన ఆకాశము. ఇంతకు మించి పటములో మరేమియు లేదు.

యుద్ధము

ఈ పటమునకు కారణమైన యుద్ధము 1547వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన జర్మనీలో ఎల్బే నదీతీరమున మూల్‌బెర్గ్ అను ఊరివద్ద జరిగినది. ఐదవ ఛార్లెస్ స్పెయిన్ దేశమునకు రాజు, జర్మనీకి చక్రవర్తి. ఇటలీలోని నేపుల్స్, నెదర్లాండ్సు, అమెరికాఖండమున క్రొత్తగా గెలిచిన విశాలభూములు ఆయన ఏలుబడిలోనివే. అంతటి చక్రవర్తికి తన జర్మనీలోనే ఎదురు కలిగెను. 1517లో మార్టిన్ లూథర్ ప్రారంభించిన మతసంస్కరణోద్యమమును జర్మనీలోని పెక్కుమంది ప్రభువులు స్వీకరించి, 1531లో తమలో తాము ఒక కూటమి యేర్పరచుకొనిరి. వారి నాయకులలో ముఖ్యుడు శాక్సనీ ప్రభువగు జాన్ ఫ్రెడరిక్. చక్రవర్తిని ఎన్నుకొను అధికారముగల ఏడుగురిలో అతడొకడు. 1546లో కలహము యుద్ధముగా మారెను.

1547 ఏప్రిల్ 24 ఉదయమున ఎల్బే నదిపై మంచు దట్టముగా క్రమ్మియుండెను. నదికి ఒక దరిని చక్రవర్తిసేన, మరియొక దరిని శాక్సనీ సేన. శాక్సనీ సేనవారు నదిని దాటుట శత్రువునకు సాధ్యము కాదని నమ్మియుండిరి. అప్పుడు స్పెయిన్ సైనికులు కొందరు కత్తులను పండ్లతో కరచిపట్టి నదిలో ఈది, అవతలి దరినున్న పడవలను పట్టుకొనిరి. ఆ ప్రాంతపు రైతొకడు గుఱ్ఱములు నడచిపోగల రేవును చూపెను. శాక్సనీ సైనికులు తన గుఱ్ఱములను లాగుకొనిపోయిరను కోపముచేత అతడట్లు చేసెనని, చక్రవర్తివెంట నున్న లూయిస్ ద ఆవిలా అను స్పెయిన్ దేశీయుడు తన యుద్ధవృత్తాంతములో వ్రాసియున్నాడు. అశ్వసేన ఆ రేవున నదిని దాటి, వెనుకకు మరలుచున్న శాక్సనీ సేనను తరిమి చెల్లాచెదరు చేసెను. సాయంకాలమునకు జాన్ ఫ్రెడరిక్ చెంపమీద కత్తిగాయముతో బందీయయ్యెను. జయము తనది కాదు, దేవునిదని చక్రవర్తి పలికెనని సమకాలికులు చెప్పుకొనిరి.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. చక్రవర్తికి అప్పుడు 47 సంవత్సరములు. కీళ్లవాతము ఆయనను ఎంతోకాలమునుండి బాధించుచుండెను. ఆ దండయాత్రలో ఆయన తరచు పల్లకిలోనే ప్రయాణము చేసెను. యుద్ధమునాడు గుఱ్ఱమెక్కినమాట నిజము. గుఱ్ఱపు ఎఱ్ఱని ముఖమల్ వస్త్రమును, బంగారు కుచ్చులను, చేతి ఈటెను ఆవిలా గ్రంథముగూడ వర్ణించుచున్నది. కవచముగూడ కల్పితము కాదు. ఆగ్స్‌బర్గ్ నగరమున డెసిడేరియస్ హెల్మ్‌ష్మిడ్ అను కమ్మరి 1544లో చేసిన ఆ కవచము మాడ్రిడ్ రాజాయుధశాలలో నేటికిని ఉన్నది. చిత్రకారుడు వస్తువుల విషయమున సత్యమునే పాటించెను. ఆయన చేసిన మార్పు వేరొక చోట నున్నది.

పటములో లేనివి

పటములో శత్రువు లేడు. చక్రవర్తి సేనలేదు. సేనను నడిపిన ఆల్బా ప్రభువు లేడు. కత్తిని పండ్లతో కరచి ఈదిన సైనికుడు లేడు. రేవు చూపిన రైతు లేడు. చచ్చినవారు లేరు, నెత్తురు లేదు. నది ఉన్నది, కాని ఆ నదిని దాటినది ఒక్క మనుష్యుడే యనునట్లున్నది.

విజయచిత్రములందు శత్రువును చూపుట ప్రపంచమంతట వాడుకలోనున్న పద్ధతి. శ్రీరంగమునందలి శేషరాయమండపపు స్తంభములమీద గుఱ్ఱములు ముందరికాళ్లెత్తి లేచుచుండును; వాటిమీది రౌతులు క్రిందనున్న పులులను ఈటెలతో పొడుచుచుందురు. క్రైస్తవుల చిత్రములలో సెయింట్ జార్జ్ అను యోధుడు గుఱ్ఱముమీదనుండి మహాసర్పమును పొడుచుచుండును. రౌతు ఈటె యెత్తినచో దానిక్రింద ఎవడో ఒకడు పడియుండవలెను. ఇక్కడ ఈటె ఉన్నది, పొడువబడువాడు లేడు.

ఇది చిత్రకారుని మరపు కాదు. పటము వ్రాయుచుండగనే టిషియన్ మిత్రుడును గ్రంథకర్తయునగు పియెట్రో ఆరెటీనో ఒక ఉత్తరము వ్రాసి, చక్రవర్తికి ముందు మతదేవతయు కీర్తిదేవతయు నడచుచున్నట్లు చిత్రించుమని సలహా యిచ్చెను. ఒక దేవత చేత శిలువయు పాత్రయు నుండవలెనట. రెండవదానికి రెక్కలును బాకాలును ఉండవలెనట. టిషియన్ ఆ సలహాను పాటింపలేదు.

దీనికి కారణము 1548లో జర్మనీ యున్న స్థితియందు దొరకును. ఆ సంవత్సరము చక్రవర్తి ఆగ్స్‌బర్గ్ నగరమున మహాసభ జరుపుచు టిషియనును అక్కడికి పిలిపించెను. ఓడినవారిని మరల తన పాలనకు లోబరచుకొనుట ఆ సభ ఉద్దేశము. తాను చేసినది మతయుద్ధము కాదు, తిరుగుబాటుదారులను శిక్షించుట మాత్రమేయని చక్రవర్తి మొదటినుండి చెప్పుచుండెను. అట్లు చెప్పుటకు బలమైన కారణము ఉన్నది. ఆయన పక్షమున పోరాడినవారిలో లూథర్ మతస్థులుగూడ కలరు. వారిలో ముఖ్యుడు శాక్సనీ వంశమువాడే, జాన్ ఫ్రెడరిక్‌నకు జ్ఞాతియగు మారిస్. జ్ఞాతిని ఓడించుటకు తోడ్పడినందులకు ప్రతిఫలముగా జ్ఞాతి పదవియే మారిస్‌నకు లభించెను. మతదేవత ముందు నడచుచున్నట్లు పటము వ్రాసినచో మారిస్ మొదలగువారి ముఖము చూచుట చక్రవర్తికి కష్టమగును. శత్రువును కాళ్లక్రింద పడవేసి చూపినచో, ఆ శత్రువుతోనే రేపు రాజ్యము పంచుకొని బ్రతుకవలసిన ప్రజలకు అది మానని పుండగును. కావున ఓడినవాడే లేని విజయమును పటములో చూపిరి. దయతో గూడిన ప్రభువు, కోపములేని యోధుడు అను భావము దీనివలన కలుగును.

ఓడినవాడు మాత్రము అదృశ్యుడు కాలేదు. అతని పటమును గూడ టిషియనే వ్రాసెను. కవచము ధరించి, చెంపమీది గాయము స్పష్టముగా కనబడునట్లు జాన్ ఫ్రెడరిక్‌ను చిత్రించిన ఆ పటము గూడ నేడు ప్రాడో చిత్రశాలలోనే ఉన్నది. ఒక పటములో గాయములేని విజయము. రెండవదానిలో గాయపడిన ముఖము. ఈ రెండును కలిపి చూచినవానికే యుద్ధము సంగతి పూర్తిగా తెలియును.

గుఱ్ఱము, ఈటె, ఎఱ్ఱరంగు

ఉన్నవాటిలో ఒక్కొక్కదానికి అర్థము కలదు. ఎఱ్ఱని పట్టువస్త్రము చక్రవర్తి పక్షమునకు గుర్తు. మెడలోని పతకము స్వర్ణోర్ణము అను వీరసంఘమునకు చిహ్నము. ఈటె రెండు అర్థములు గలది. ప్రాచీన రోమక చక్రవర్తులు దండయాత్రకు వెడలునప్పుడు ఈటె ధరించుట అధికారచిహ్నము. క్రైస్తవులకు అది సెయింట్ జార్జ్ ఆయుధము. ఈ విధముగా ఒకే ఆయుధముచేత ఛార్లెస్ రోమక చక్రవర్తియు, క్రైస్తవవీరుడును అగుచున్నాడు. రోమునగరమున గుఱ్ఱముమీద కూర్చున్న మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి కంచువిగ్రహము ఆ కాలపు కళాకారులందరును ఎరిగినదే.

గుఱ్ఱము సంగతి మనదేశమువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇంద్రియములను గుఱ్ఱములతోను, మనస్సును కళ్లెముతోను పోల్చిన కఠోపనిషత్తు మనకు కలదు. గుఱ్ఱమును అదుపులో నుంచువాడు తన్నుతాను అదుపులో నుంచుకొనును; తన్నుతాను అదుపులో నుంచుకొనువాడే రాజ్యమును అదుపులో నుంచును. పటములో గుఱ్ఱము చెలరేగుచున్నది, రౌతు కదలుటలేదు, కళ్లెము ఒక్క చేతిలోనే ఉన్నది. ఈ భావము ఐరోపావారికిని మనకును సమానమే.

గుఱ్ఱమే రాజబలమను తలంపు ఆ కాలమున తెలుగుదేశమునందును ఉండెను. ఉత్తరపు సుల్తానులకు అశ్వపతులనియు, ఓఢ్రరాజులకు గజపతులనియు, విజయనగర ప్రభువులకు నరపతులనియు పేళ్లు. అశ్వపతులను ఎదుర్కొనుటకు నరపతులకు గుఱ్ఱములు కావలసివచ్చెను. మేలైన గుఱ్ఱములు అరేబియా, పారసీక తీరములనుండి ఓడలలో గోవాకు వచ్చుచుండెను. గోవా పోర్చుగీసువారి చేతిలో నుండెను. మూల్‌బెర్గ్ యుద్ధము జరిగిన 1547వ సంవత్సరముననే, సెప్టెంబరు నెలలో, విజయనగరమునకును పోర్చుగీసు గవర్నరునకును సంధి జరిగెను. గోవాకు వచ్చు గుఱ్ఱములను విజయనగరమునకే అమ్మవలెననునది ఆ సంధిలో ముఖ్యమైన షరతు. ఆనాటి పోర్చుగల్ రాజు ఛార్లెస్ చక్రవర్తికి బావమరిది. చక్రవర్తి భార్య ఇసబెల్లా ఆ రాజు సోదరి. మాడ్రిడ్‌లోని పటములో ముందరికాళ్లెత్తిన గుఱ్ఱమును, గోవా రేవున దిగిన గుఱ్ఱమును రాజులు ఒకే కన్నుతో చూచిరి.

ముఖము

పటములో పండితుల మధ్య వాదమునకు తావిచ్చినది చక్రవర్తి ముఖము. ఆ ముఖమున ఉత్సాహము లేదు. జయించినవాని గర్వము లేదు. పాలిపోయిన ఆ చెక్కిళ్లను, దూరమున నిలిచిన ఆ చూపును చూచి, రాబోవు పతనమును చిత్రకారుడు ముందుగనే కనిపెట్టెనని కొందరు వ్రాసిరి. ఇది మనోహరమైన ఊహయే కాని, చరిత్రకు నిలువదు. 1548లో చక్రవర్తి తన అధికారశిఖరమున నుండెను. తరువాత జరిగినది తెలిసినవారు దానిని ముఖమునందు చదువుచున్నారు. ఆ కాలపు రాజనీతిలో చలింపకుండుట ప్రభువునకు గొప్పగుణము. జయాపజయములందు ముఖవర్ణము మారనివాడే చక్రవర్తి. అందుచేత ఆ గంభీరత మొదట ఒక ప్రశంస.

కాని ఆ పాలిపోయిన వర్ణము ప్రశంసకు అవసరము లేదు. చిత్రకారుడు కోరినచో ఆరోగ్యవంతుడగు యువకుని ముఖమునే వ్రాసియుండవచ్చును. రోగమును, వయస్సును ఆయన దాచలేదు. చక్రవర్తియు దాచుమని కోరినట్లు లేదు. కవచము వెనుక నొప్పితో నిండిన దేహము కలదని ముఖము చెప్పుచున్నది. పటములో నున్న కవచము, గుఱ్ఱము, ఈటె అన్నియు రాజాధికారమును చాటుచున్నవి. ముఖ మొక్కటి మనుష్యుని చూపుచున్నది. టిషియన్ ప్రతిభ అంతయు ఈ రెంటిని ఒకే పటమున ఇముడ్చుటలో నున్నది.

తరువాత

పటమునందు చక్రవర్తి ముందునకు సాగుచునే ఉన్నాడు. చరిత్రలో అట్లు జరుగలేదు. పదవి పొందిన మారిస్ 1552లో చక్రవర్తికి ఎదురుతిరిగెను. ఇన్స్‌బ్రుక్ నగరమున నున్న చక్రవర్తి ఆ మేనెలలో రాత్రివేళ, వానలో, పల్లకిమీద ఆల్ప్స్ కొండలు దాటి పారిపోవలసివచ్చెను. మూల్‌బెర్గ్‌వద్ద సంపాదించినదంతయు ఐదేండ్లకే చేయిజారెను. 1555లో అదే ఆగ్స్‌బర్గ్ నగరమున జరిగిన ఒడంబడికచే లూథర్ మతమునకు జర్మనీలో చట్టబద్ధమైన స్థానము కలిగెను. ఆ కాలముననే చక్రవర్తి రాజ్యములను ఒక్కొక్కటిగా కుమారునకును, తమ్మునకును అప్పగించెను. పిమ్మట స్పెయిన్‌లోని యూస్టే అను మఠమువద్ద నివసించి, 1558 సెప్టెంబరు 21న మరణించెను.

యూస్టేకు వెళ్లునప్పుడు ఆయన తనవెంట టిషియన్ వ్రాసిన మరియొక గొప్ప పటమును తీసికొనిపోయెను. దానిలో స్వర్గమున దైవసన్నిధిని చక్రవర్తి మోకరిల్లి యుండును. కవచము లేదు, గుఱ్ఱము లేదు. ఒడలిమీద శవమునకు కప్పు తెల్లని వస్త్రము, తలమీద లేని కిరీటము ప్రక్కన. చిత్రకారుడును అతడే, చక్రవర్తియు అతడే. అశ్వారూఢ చిత్రము చక్రవర్తి సోదరియగు హంగెరీ రాణి మేరీ వద్ద నుండి, తరువాత స్పెయిన్ రాజుల సంపదలో చేరెను.

ఆ పటముగూడ కష్టములు పడినదే. 1548లో ఆగ్స్‌బర్గ్‌లో ఆరబెట్టియుండగా గాలికి దెబ్బతినెను. గుఱ్ఱపు వెనుకభాగము చెడిపోగా క్రిస్టొఫ్ ఆంబెర్గర్ అను స్థానిక చిత్రకారుడు బాగుచేసెను. 1734లో మాడ్రిడ్ రాజప్రాసాదము తగులబడినప్పుడు పటము క్రిందిభాగము పాడయ్యెను. పెక్కు చిత్రములు బూడిదయైన ఆ అగ్నిప్రమాదమున ఇది మిగిలినది. 1819లో ప్రాడో చిత్రశాల తెరువబడిన పిమ్మట, రాజుల కన్నులకే తెలిసిన ఆ సంపద ప్రజలు చూడదగినదయ్యెను.

పటము నేర్పునది

రాజు వ్రాయించుకొన్న పటమును నిరాకరింపరాదు. దానిని మాత్రమే నమ్మరాదు. టిషియన్ పటము లేకున్నచో, తన విజయమును లోకము ఎట్లు చూడవలెనని చక్రవర్తి కోరెనో మనకు ఇంత స్పష్టముగా తెలియదు. ఆవిలా గ్రంథము లేకున్నచో ఎల్బే నదిలో ఈదిన సైనికులును, రేవు చూపిన రైతును మనకు తెలియరు. ఆవిలా చక్రవర్తి పక్షపువాడైనను, రైతు లేనిదే నది దాటుట కష్టమయ్యెడిదని దాచక వ్రాసెను. ఆ రైతు తన గుఱ్ఱములకొరకు చేసిన పని ఒక రాజ్యపు గతిని మార్చినది. కాని 11 అడుగుల ఎత్తుగల పటములో అతనికి చోటు దొరకలేదు; పుస్తకములో కొన్ని పంక్తుల చోటు దొరికినది.

గ్రామగ్రంథాలయమునకు చిత్రశాలలోని మహాపటములు రావు. వాటి ప్రతిరూపములు పుస్తకములలోను, పత్రికలలోను వచ్చును. అశ్వారూఢుడైన రాజు బొమ్మ కనబడినప్పుడు పాఠకుడు గుఱ్ఱమును, కవచమును మెచ్చుకొనవలసినదే. పిమ్మట లేచి, ఆ యుద్ధమును గూర్చిన పుస్తకము బీరువాలో కలదేమో వెదుకవలెను. బొమ్మలో చోటులేని రైతు ఆ పుస్తకములో కనబడును.